సమాధుల తోటనుండి గలిలయకు: మన ఈస్టరు ఆచరణ, పునరుత్థాన జీవితము

ఈస్టరు ఆదివారమున ఇంకా చీకటి ఉండగానే తెలుగు క్రైస్తవులు అనేకులు సమాధుల తోటకు వెళ్తారు. ముందు రోజే అక్కడ కలుపు తీసి, తమవారి సమాధులకు సున్నము వేసి, బంతి, చామంతి దండలు సిద్ధపరచుకొంటారు. తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి, కీర్తనలు పాడి, సంఘ కాపరి చెప్పే క్లుప్తమైన వాక్యమును విని, తరువాత మందిరములో ఆరాధనకు కూడుకొంటారు. కోస్తా జిల్లాలలోను, హైదరాబాదు సికింద్రాబాదు పట్టణములలోను ఇది మన సంఘ జీవితములో స్థిరపడిన ఆచారము.

ఈ ఆచారమును గూర్చి సంఘ కాపరులలో రెండు అభిప్రాయములున్నవి. ఇది "పెద్దలకు పెట్టుట" వంటిదే గనుక మానిపించవలెనని కొందరంటారు. ప్రజల మనోభావములకు సంబంధించిన విషయము గనుక జోక్యము చేసికొనకూడదని మరికొందరంటారు. ఈ రెండూ సరిపోవని మేము తలంచుచున్నాము. సమాధుల తోటకు వెళ్లుట మంచిదే. అయితే కాపరి పని ప్రజలను అక్కడికి తీసికొని పోవుటతో ముగియదు. అక్కడనుండి వారిని గలిలయకు, అనగా ప్రతి దిన జీవితమునకు నడిపించుటయే అసలైన పని. ఈ వ్యాసములో ఆ మార్గమును పరిశీలింతము.

1. తోటకు ఎందుకు వెళ్తున్నాము?

శ్మశానమును "సమాధుల తోట" అని పిలుచుట తెలుగు క్రైస్తవుల వాడుక. ఈ మాట యోహాను సువార్తకు ఎంత దగ్గరగా ఉన్నదో గమనించాలి. యేసును సిలువ వేసిన స్థలములో ఒక తోట ఉన్నదనియు, ఆ తోటలోనే క్రొత్త సమాధి ఉన్నదనియు యోహాను వ్రాశాడు (యోహాను 19:41). మగ్దలేనే మరియ లేచిన ప్రభువును చూచి తోటమాలి అనుకొన్నది (20:15). తొలి క్రైస్తవులు తమ శ్మశానములకు వాడిన గ్రీకు మాట "కోయిమెతేరియోన్". దాని అర్థము నిద్రించు స్థలము. నిద్రించువారు లేస్తారు. ఆ నిరీక్షణ ఆ పేరులోనే ఉన్నది.

తెల్లవారుజామున శ్మశానములో కూడుకొనుట మనకు మాత్రమే చెందినది కాదు. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామములో మొరేవియన్ యౌవనస్థులు ఈస్టరు ఉదయమున కొండమీది శ్మశానమునకు వెళ్లి స్తుతించారు. ఉదయకాల ఈస్టరు ఆరాధనల చరిత్రలో దీనిని మొదటిదిగా చెప్తారు. ఆ శ్మశానములో మరొక విశేషమున్నది. ధనికుడైనను, పనివాడైనను అందరి సమాధులమీద ఒకే విధమైన చదును రాళ్లుంటాయి. మన తోటలలో ఒకవైపు పాలరాతి సమాధులు, మరొకవైపు వర్షమునకు కరిగిపోయే మట్టిదిబ్బలు కనబడుచున్నవి. పల్లెను బట్టి, కులమును బట్టి వరుసలు వేరైన చోట్లు లేవని చెప్పగలమా? ఒకే బూరధ్వనికి లేవవలసినవారిని మనము వేరు వేరు వరుసలలో పండబెట్టినయెడల, మన ప్రసంగమును మన సమాధులే ఖండిస్తాయి.

మొదటి ఈస్టరు ఉదయమున వెళ్లిన స్త్రీలు సుగంధ ద్రవ్యములు తీసికొని వెళ్లారు. మృతదేహమునకు సేవ చేయుటయే వారి ఉద్దేశము. వారి ప్రేమను దేవదూత గద్దించలేదు. అయితే సజీవుని మృతులలో వెదకుట ఎందుకని అడిగాడు (లూకా 24:5). కాపరి కూడ ఆలాగే చేయాలి. పువ్వులను, కన్నీళ్లను గద్దించనక్కరలేదు. అయితే కొవ్వొత్తి మృతులకు దారి చూపుటకు కాదనియు, క్రీస్తు వెలుగును ఒప్పుకొనుటకనియు స్పష్టముగా చెప్పాలి. సమాధిపై ఆహారము పెట్టుట, మృతులకు మనవి చేసికొనుట తగవని ప్రేమతో బోధించాలి. ఆచారము సరిగా ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష కలదు. తోటనుండి తిరిగి వచ్చునప్పుడు ప్రజలు చనిపోయినవారిని గూర్చి మాత్రమే మాటలాడుచున్నారా, లేచినవానిని గూర్చి కూడ మాటలాడుచున్నారా?

ఆ ఉదయమున సువార్త పాఠమును ఎవరు చదువుచున్నారో కూడ ఆలోచించాలి. స్త్రీల సాక్ష్యము చెల్లదని యూదా చరిత్రకారుడైన జోసీఫస్ వ్రాసిన కాలమది. అయినను నాలుగు సువార్తలు స్త్రీలనే మొదటి సాక్షులుగా నిలబెట్టినవి. కథను కల్పించినవారెవరును అట్టి సాక్షులను ఎన్నుకొనరు. భర్తను పోగొట్టుకొన్న ఒక సహోదరి ఆ తోటలో మార్కు 16వ అధ్యాయమును చదివినయెడల, అది గొప్ప ప్రసంగమే అవుతుంది.

2. పునరుత్థానము పునర్జన్మ కాదు

"ప్రభువు మరల లేచెను" అని మనము ప్రకటించునప్పుడు, మన పొరుగువారికి మొదట తోచేది పునర్జన్మ. రెండు మాటలూ "పునః" అని మొదలగుచున్నవి గనుక ఈ పొరపాటు సహజము. కావున తేడాను వివరించుట మన బాధ్యత. పునర్జన్మలో జీవుడు కర్మను బట్టి వేరొక దేహమును ధరిస్తాడు. పునరుత్థానములో దేవుడు తన కృపను బట్టి ఆ మనిషినే లేపుతాడు. మొదటిది తిరిగే చక్రము, దానినుండి విడుదల కోరుకొంటారు. రెండవది గమ్యము, దానికొరకు ఎదురుచూస్తారు.

లాజరు లేచుట కూడ దీనితో సమానము కాదు. లాజరు తిరిగి మరణింపవలసినవాడే. క్రీస్తు ఇక మరణించడు (రోమా 6:9). ఆత్మ మాత్రమే పరలోకమునకు వెళ్లుననుటయు పూర్తి సువార్త కాదు. మన జ్ఞాపకార్థ కూడికల కార్డులలో "ప్రభువు సన్నిధికి చేరిరి" అని వ్రాస్తాము. అది సత్యమే గాని అక్కడితో ఆగినయెడల సగము సత్యమే చెప్పినవారమగుదుము. మన విశ్వాస ప్రమాణము శరీర పునరుత్థానమును ఒప్పుకొనుచున్నది. లేచిన ప్రభువు తన చేతులను, పాదములను చూపి, శిష్యుల యెదుట చేప తిన్నాడు (లూకా 24:39-43).

దీనిని వివరించుటకు పౌలు విత్తనమును తీసికొన్నాడు (1 కొరింథీ 15:36-38). కనకమామిడి చుట్టుపట్ల పొలము చేసేవారికి ఈ ఉపమానమును విప్పి చెప్పనక్కరలేదు. నేలలో వేసినది గింజ, మొలచినది మొక్క. రెండూ ఒకటిగా కనబడవు గాని ఆ గింజ లేనిదే ఆ మొక్క లేదు. మనము శవమును మట్టిలో పెట్టుటను "భూస్థాపన" అంటాము. అది పారవేయుట కాదు, విత్తుట. అదే అధ్యాయములో క్రీస్తును ప్రథమ ఫలము అన్నాడు (15:20). మొదటి పనను యాజకుడు దేవుని సన్నిధిని అల్లాడించిన పండుగ దీనికి వెనుక ఉన్నది (లేవీయకాండము 23:10-11). మొదటి పన ఇంటికి వచ్చినదంటే మిగిలిన పంట కూడ వస్తుందని రైతుకు నమ్మకము.

3. పదిహేనవ అధ్యాయము తరువాత పదహారవ అధ్యాయము

ఈస్టరు ప్రసంగమునకు 1 కొరింథీ 15వ అధ్యాయమును తీసికొననివారు తక్కువ. అయితే ఆ అధ్యాయము ఎక్కడ ముగియుచున్నదో గమనించువారు ఇంకా తక్కువ. మరణమును జయించుటను గూర్చి గంభీరముగా పలికిన తరువాత, పౌలు ప్రభువునందు మన ప్రయాసము వ్యర్థము కాదని చెప్పి ముగించాడు (15:58). వెంటనే తరువాతి వచనములో చందా విషయము మొదలుపెట్టాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కొరకు ప్రతివాడు ఆదివారమున, అనగా ప్రభువు లేచిన దినమున, తన వర్ధిల్లిన కొలది కొంత తీసి యుంచవలెనన్నాడు (16:1-3).

అధ్యాయముల విభజన తరువాతి కాలమున జరిగినది గనుక, పత్రికను మొదట విన్నవారికి ఈ రెండిటి మధ్య గోడ లేదు. పునరుత్థానమును నమ్మినవాడు చేతిని గుప్పిట పట్టుకొనడు. మృతులు లేవనియెడల తిని త్రాగుటయే తెలివి (15:32). లేచుట నిజమైనయెడల, ఇచ్చినది పోదు, చేసిన ప్రయాసము మట్టిపాలు కాదు. కావున ఈస్టరు కానుకలో కొంత భాగమును సంఘములోని విధవరాండ్రకును, అప్పులలో ఉన్న కుటుంబములకును ప్రత్యేకించుట ఈ వాక్యమునకు విధేయత చూపుటయే.

4. మరణము మన గుమ్మమునకు వచ్చినప్పుడు

ఈస్టరు విశ్వాసము ఈస్టరు దినమున పరీక్షింపబడదు. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున, మన బీజాపూరు రోడ్డుమీద చేవెళ్ల మండలము మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని దాదాపు ఇరవైమంది మరణించారు. వారిలో చదువుకొనుటకు నగరమునకు వెళ్లుచున్న యువతులు కూడ ఉన్నారు. అట్టి ఇండ్లలో అడుగుపెట్టిన సేవకుడు ఏమి చెప్పాలి?

మొదట తొందరపడకూడదు. "అంతా దేవుని చిత్తము" అని గుమ్మములోనే చెప్పివేయుట పునరుత్థాన విశ్వాసము కాదు. లాజరును లేపబోవుచున్నానని ఎరిగియుండియు యేసు కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35). లేఖనము మరణమును స్నేహితుడని చెప్పలేదు, కడపటి శత్రువని చెప్పింది (1 కొరింథీ 15:26). శత్రువును శత్రువని పిలుచుటకు దుఃఖించువారికి అనుమతినివ్వాలి. వారితో కూర్చుండాలి, ఏడ్వాలి. సమయము వచ్చినప్పుడు, ఆ శత్రువు ఓడిపోయినవాడని చెప్పాలి. ఈ వరుసను తారుమారు చేయరాదు.

రెండవది, మృతదేహమునకు ఇవ్వవలసిన గౌరవము. మన పొరుగు రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్‌లో, బస్తరు ప్రాంతపు ఛింద్వాడ గ్రామమున 2025 జనవరి 7న ఒక పాస్టరు గారు మరణించారు. ఆయనను గ్రామములో పాతిపెట్టుటకు అభ్యంతరములు రాగా కుమారుడు సుప్రీంకోర్టు వరకు వెళ్లవలసి వచ్చింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన అభిప్రాయములు తెలిపారు. దేహము అప్పటికే మూడు వారములుగా శవాగారములో ఉన్నందున, దూరముననున్న కర్కాపాల్ గ్రామములోని క్రైస్తవ శ్మశానములో భూస్థాపన జరుగవలెనని ఆదేశించారు. ఇది కోర్టు వార్త మాత్రమే కాదు, మన వేదాంతమునకు కూడ సంబంధించినది. శరీర పునరుత్థానమును నమ్మువారికి ఆరడుగుల నేల చిన్న విషయము కాదు. పొలములు ప్లాట్లుగా మారుచున్న మన మండలములలో సమాధుల తోటకు స్థలమును, సరిహద్దులను, పత్రములను సరిచూచుకొనుట సంఘ పెద్దల ఆత్మీయ బాధ్యతలో భాగమే. అరిమతయియ యోసేపు తన సొంత సమాధిని ఇచ్చాడు (మత్తయి 27:60). దిక్కులేని శవమునకు చోటిచ్చుట కూడ పునరుత్థానమునకు సాక్ష్యమే.

5. ఒక దినము కాదు, యాభై దినములు

మన సంఘములలో శ్రమకాలమునకు నలువది దినములు కూటములుంటాయి. మంచి శుక్రవారమున ఏడు మాటలమీద మూడు గంటలు ధ్యానము జరుగుతుంది. ఈస్టరు మాత్రము ఒక్క ఉదయముతో ముగిసిపోవుచున్నది. సోమవారమునుండి వేసవి సెలవులు, పెండ్లిండ్లు, వి.బి.ఎస్. ఏర్పాట్లు. శ్రమకు నలువది దినములు, జయమునకు ఒక పూట అనుట తగినదేనా?

ఆదిసంఘము ఆలాగు చేయలేదు. 325లో నైసియా సభ ఈస్టరును అన్ని సంఘములు ఒకే ఆదివారమున ఆచరింపవలెనని నిర్ణయించింది. అదే సభ తన ఇరువదవ నియమములో, ఆదివారములలోను, ఈస్టరు మొదలు పెంతెకొస్తు వరకును మోకాళ్లూనక నిలువబడి ప్రార్థించవలెనని చెప్పింది. లేచిన ప్రభువునందు లేచినవారు నిలువబడుదురు అని ఆ దేహస్థితియే బోధించింది. అలెగ్జాండ్రియా అధ్యక్షుడైన అథనాసియస్ ప్రతి సంవత్సరము ఈస్టరు పత్రికను సంఘములకు వ్రాసేవాడు. నేడు మనము అంగీకరించుచున్న క్రొత్త నిబంధన ఇరువది యేడు గ్రంథముల పట్టిక 367లో ఆయన వ్రాసిన ఈస్టరు పత్రికలోనే కనబడుచున్నది.

కావున సేవకులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. ఈస్టరు తరువాతి వారములో, ఆ సంవత్సరము భూస్థాపన జరిగిన ప్రతి ఇంటిని దర్శించండి. ఆ దినములలో బాప్తిస్మములు ఏర్పాటు చేసి రోమా 6వ అధ్యాయమును బోధించండి. ఒక ఆదివారము సంఘమంతా ఒకే బంతిలో కూర్చుండి భోజనము చేయండి. లేచిన ప్రభువు తిబెరియ తీరమున తానే వంట చేసి శిష్యులను పిలిచాడు (యోహాను 21:9-12). ఎవరి ప్రక్కన కూర్చుండుటకు సంకోచింతుమో, వారి ప్రక్కన కూర్చుండుట మనకు ఈస్టరు పాఠము.

6. గలిలయలో కనబడును

సమాధిలోని దూత స్త్రీలను అక్కడ ఉండనివ్వలేదు. ప్రభువు గలిలయకు ముందుగా వెళ్లుచున్నాడని శిష్యులకును, పేతురుకును చెప్పుమని పంపాడు (మార్కు 16:7). గలిలయ వారి వలలు, పడవలు, ఇండ్లు ఉన్న చోటు. ప్రభువును తిరుగనన్న పేతురు పేరు ఆ కబురులో ప్రత్యేకముగా ఉన్నది. ఓడిపోయినవానికి ఈస్టరు మొదటి కబురు క్షమాపణయే.

దోర్నకల్ అధ్యక్షుడైన వి. ఎస్. అజరయ్యగారు, 1912 మొదలు 1945లో ప్రభువునందు నిద్రించువరకు మన పల్లెలలో పరిచర్య చేశారు. బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తలమీదనే ఉంచి, సువార్త ప్రకటింపని యెడల తమకు శ్రమయని వారిచేత చెప్పించేవారు. చదువు రాని కూలివారు కూడ ఆ దినమే సాక్షులైనారు. నీటిలో పాతిపెట్టబడి లేచినవారు ఊరికి వట్టి చేతులతో తిరిగిపోలేదు.

రాబోవు ఈస్టరున కూడ మనము చీకటి ఉండగానే తోటకు వెళ్లుదము. మనవారి సమాధులయొద్ద ఏడ్తుము, పాడుదుము. అయితే కొవ్వొత్తులు ఆరిపోకముందే సంఘమునకు ఒక మాట చెప్పుదము: ప్రభువు ఇక్కడ లేడు, మనకంటె ముందుగా మన ఊరికి వెళ్లియున్నాడు. సోమవారము ఉదయమున ఏ ఇంటి తలుపు తట్టవలెనో, ఎవరితో సమాధానపడవలెనో ఎరిగి తోటనుండి తిరిగి వచ్చిన సంఘమే ఈస్టరును నిజముగా ఆచరించిన సంఘము.