నగరం నెత్తిన కాంక్రీటు గొడుగు

2000వ సంవత్సరం మార్చి 26, ఆదివారం. అమెరికా వాయవ్య తీరాన ఉన్న సియాటిల్ నగరంలో ఉదయం ఎనిమిదిన్నర గంటలు. మేడల మీద, మిట్టల మీద నిలిచిన వేలాది జనం ఒకే దిక్కుకు చూస్తున్నారు. ఉరుములవంటి పేలుళ్ళు వరుసగా వినిపించాయి. నగరం నెత్తిన పట్టిన గొడుగులా ఉన్న బ్రహ్మాండమైన కాంక్రీటు గుమ్మటం ఒక్కసారి కంపించి నేలకు కుంగిపోయింది. అంతటి కట్టడం నేలమట్టం కావడానికి పట్టిన కాలం 16.8 సెకండ్లు మాత్రమే. ధూళిమేఘం లేచి పరిసర వీథులను కమ్మివేసింది.

ఆ కట్టడం పేరు కింగ్‌డోమ్. 1976 మార్చి 27న ద్వారాలు తెరిచిన ఆ స్టేడియం ఆయుర్దాయం ఒక్క రోజు తక్కువగా 24 ఏళ్ళు. కట్టడం కూలింది గాని, దాని కోసం ప్రజల పేర చేసిన అప్పు మాత్రం మరో 15 ఏళ్ళు నిలిచే ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో ప్రతి పెద్ద నగరానికీ సొంత బేస్‌బాల్ జట్టు, సొంత ఫుట్‌బాల్ జట్టు ఉండాలనే ఆరాటం బయలుదేరింది. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క స్టేడియం కట్టడం ఖర్చుతో కూడిన పని. కనుక రెండింటికీ పనికివచ్చే గుండ్రని స్టేడియం ఒకటి కడితే చాలుననే ఆలోచన అందరికీ నచ్చింది. 1970లో సిన్సినాటి, పిట్స్‌బర్గ్ నగరాలలోను, 1971లో ఫిలడెల్ఫియాలోను అటువంటి స్టేడియంలు వెలిశాయి.

సియాటిల్‌లో మరొక చిక్కు కూడా ఉంది. అక్కడి వాన కుండపోతగా కురిసి వెలిసేది కాదు. రోజుల తరబడి తుంపరగా పడుతూనే ఉంటుంది. అందుచేత పైకప్పు తప్పనిసరి అనుకున్నారు. 1960లో, 1966లో స్టేడియం ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. 1968 ఫిబ్రవరిలో మాత్రం సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రజలలో 62 శాతం మంది 4 కోట్ల డాలర్ల రుణపత్రాలకు సమ్మతించారు. ఆ భరోసాతో 1969లో పైలట్స్ అనే బేస్‌బాల్ జట్టు నగరానికి వచ్చింది. పాతబడిన చిన్న స్టేడియంలో ఒక్క ఏడాది ఆడి, దివాలా తీసి, 1970లో మిల్వాకీ నగరానికి తరలిపోయింది. దానిపై న్యాయస్థానంలో పోరాడిన మీదటనే మెరైనర్స్ అనే కొత్త జట్టు 1977లో సియాటిల్‌కు దక్కింది.

స్టేడియం ఎక్కడ కట్టాలన్నది మరొక వివాదం. చివరకు రైల్వే స్టేషను పక్కనున్న స్థలాన్ని ఎంచుకున్నారు. దానిని ఆనుకొని చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న పేట ఉంది. పాత హోటళ్ళ చిన్న గదులలో కాలం వెళ్ళబుచ్చే వృద్ధులు అక్కడ ఎందరో. స్టేడియం వస్తే అద్దెలు పెరుగుతాయి, ఇళ్ళు పార్కింగు స్థలాలవుతాయి అని ఆ పేట యువకులు ఆందోళన చెందారు. 1972 నవంబరు 2న శంకుస్థాపన సభలో వారు నినాదాలు చేశారు. వేదిక వైపు బురదముద్దలు విసిరారు. పని ఆగలేదు. కాని ఆనాడు మొదలైన ఉద్యమం ఆ పేటలో పేదలకు ఇళ్ళు, వైద్యశాల సాధించుకునేదాకా సాగింది.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. 4 కోట్లతో మొదలైన లెక్క 6 కోట్ల 70 లక్షల డాలర్లకు చేరింది. అయితే ఇంజనీరు జాక్ క్రిస్టియన్‌సెన్ రూపొందించిన పైకప్పు నిజంగా అద్భుతం. 660 అడుగుల వ్యాసం గల ఆ గుమ్మటానికి మధ్యలో ఒక్క స్తంభమైనా లేదు. పక్కటెముకలవంటి 40 దూలాల నడుమ పరచిన కాంక్రీటు పెంకు మందం 5 అంగుళాలు మాత్రమే. ఆ జాతి గుమ్మటాలలో ప్రపంచంలో అంతకంటె పెద్దది లేదు.

ప్రారంభించిన కొద్ది రోజులకే పేలే ఆడిన సాకర్ పోటీకి 58 వేల మందికి పైగా వచ్చారు. తరువాత ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, మతసభలు, సంగీత కచేరీలు అన్నీ ఆ కప్పు కిందనే జరిగాయి. అయితే అన్నింటికీ సరిపోవాలని కట్టినది దేనికీ పూర్తిగా సరిపోలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం 120 గజాల పొడవు, 53 గజాల వెడల్పు గల దీర్ఘచతురస్రం. బేస్‌బాల్ మైదానమో ఒక మూల నుంచి విసనకర్రలా విచ్చుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే వలయంలో ఇమిడ్చినందువల్ల బేస్‌బాల్ ప్రేక్షకులలో అనేకులు ఆటకు దూరమైపోయారు. వేసవిలో వెలుపల నీలాకాశం మెరుస్తుంటే వారు బూడిదరంగు కప్పు కింద, కృత్రిమ పచ్చిక ముందు కూర్చోవలసివచ్చేది. 1979లో ఒకసారి బ్యాటు దెబ్బకు పైకెగిరిన బంతి కప్పుకు వేలాడుతున్న లౌడ్‌స్పీకరులో చిక్కుకొని కిందికి రానేలేదు!

1994 జూలై 19న నవ్వుకు తావు లేని సంఘటన జరిగింది. ప్రేక్షకులను లోపలికి వదలడానికి ఇంకా కొద్దిసేపు ఉంది. సుమారు 12 కిలోల బరువు గల నాలుగు పలకలు లోకప్పు నుంచి ఊడి కుర్చీల మీద పడ్డాయి. అక్కడ ఎవరూ లేరు గనుక ప్రాణాపాయం తప్పింది. పైనుంచి దిగిన నీటి చెమ్మ పలకలను పట్టి ఉంచే ఆధారాన్ని తినివేసింది. స్టేడియం మూతపడింది. మెరైనర్స్ వరుసగా 20 ఆటలు పర ఊళ్ళలో ఆడవలసివచ్చింది. మరమ్మతులు జరుగుతుండగా క్రేను ప్రమాదంలో ఇద్దరు కార్మికులు మరణించారు. ఖర్చు 5 కోట్ల 10 లక్షల డాలర్లు. కట్టడానికైన వ్యయంలో మూడు వంతుల మొత్తం ఒక్క మరమ్మతుకే అయింది. దానికి మళ్ళీ అప్పే దిక్కయింది.

ఇంతలో బేస్‌బాల్ లోకపు అభిరుచి మారింది. 1992లో బాల్టిమోర్ నగరం బేస్‌బాల్‌కే ప్రత్యేకించి ఒక స్టేడియం కట్టి, పాతకాలపు ఇటుక గోడల అందాన్ని, అసలు పచ్చికను తిరిగి తెచ్చింది. అటువంటిది తమకూ లేకపోతే మెరైనర్స్ నగరంలో ఉండరని జట్టు యాజమాన్యం స్పష్టం చేసింది. 1995 సెప్టెంబరు 19న ఈ విషయమై కౌంటీలో ఓటింగు జరిగింది. కొత్త స్టేడియం కోసం అమ్మకపు పన్ను పెంచే ప్రతిపాదన అతి స్వల్పమైన తేడాతో వీగిపోయింది.

సరిగ్గా ఆ రోజులలోనే మైదానంలో ఎవరూ ఊహించనిది జరుగుతున్నది. ఆగస్టు ఆరంభంలో అగ్రస్థానానికి 13 ఆటలు వెనుకబడిన మెరైనర్స్ ఒక్కొక్క విజయంతో పైకి వచ్చి తమ విభాగంలో ప్రథములయ్యారు. అక్టోబరు 8న న్యూయార్క్ యాంకీస్‌తో నిర్ణాయకమైన అయిదవ ఆట. ఒక పరుగు వెనుకబడి ఉన్న 11వ ఇన్నింగ్స్‌లో ఎడ్గర్ మార్టినెజ్ కొట్టిన ఒక్క దెబ్బకు ఇద్దరు పరుగులు తీశారు. కింగ్‌డోమ్ హోరెత్తిపోయింది. ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, ఫలహారశాలల భోజనంపైన, అద్దె కార్లపైన పన్నులు విధించి కొత్త స్టేడియానికి మార్గం చేసింది. ఓటర్లు వద్దన్నదానిని సభ్యులు ఔనన్నారని కొందరు నొచ్చుకున్నారు. జట్టు దక్కిందని కొందరు సంతోషించారు.

కింగ్‌డోమ్‌కు దక్షిణంగా నిర్మించిన ఆ స్టేడియం 1999 జూలై 15న సేఫ్‌కో ఫీల్డ్ అనే పేరుతో ప్రారంభమైంది. వ్యయం 51 కోట్ల 70 లక్షల డాలర్లు. అసలు పచ్చిక, వాన వస్తే చక్రాల మీద దొర్లి మైదానాన్ని కప్పే ఉక్కు కప్పు, ఎండ కాస్తే తెరిపి ఆకాశం. 2019లో దాని పేరు టి-మొబైల్ పార్క్‌గా మారింది. ఫుట్‌బాల్ జట్టు సీహాక్స్ కూడా తనకు వేరే స్టేడియం కోరింది. 1997లో రాష్ట్ర ప్రజలు కొద్దిపాటి ఆధిక్యంతో దానికి ఒప్పుకున్నారు. స్థలం కోసం కింగ్‌డోమ్‌ను కూల్చక తప్పలేదు. ఒక స్టేడియంతో రెండు ఆటలు గడుపుకుందామనుకున్న నగరానికి చివరకు పక్కపక్కనే రెండు స్టేడియంలు మిగిలాయి.

కింగ్‌డోమ్‌లో ఆనందించిన పిల్లలు పెద్దవారై, తమ పిల్లలను కొత్త మైదానాలకు తీసుకువెళ్ళసాగారు. నగరానికి వచ్చి హోటళ్ళలో బసచేసేవారు చెల్లించే పన్ను మాత్రం ఏటేటా పాత అప్పుకు జమ అవుతూ వచ్చింది. 2015లో ఆ అప్పు తీరింది. అప్పటికి కింగ్‌డోమ్ నిలిచిన చోట 2002లో తెరిచిన ఫుట్‌బాల్ స్టేడియానికి 13వ ఏడు వచ్చింది.