పలుకు పలుకుకూ జాగ్రత్త!

సరిహద్దు ఊళ్లలో అలర్జీ పిల్లల పెంపకం.. పొలిమేర దాటితే పేరు మారుతుంది, ప్రమాదం మారదు

ఉగాది పూట పక్కింటావిడ హోళిగెలు పట్టుకొస్తుంది. మన బొబ్బట్లే కదా అని ఇంట్లో తలా ఒకటి అందుకుంటారు. చంకలో ఉన్న ఏడాదిన్నర పిల్లాడి నోట్లోనూ ఓ చిన్న ముక్క పెడతారు. శనగపప్పు, బెల్లం.. అంతకుమించి అందులో ఏముంటుంది అనుకుంటారు. కానీ బళ్లారి, రాయచూరు వైపు 'శేంగా హోళిగె' కూడా చేస్తారు. అక్కడి కన్నడంలో శేంగా అంటే మన శనగ కాదు.. వేరుశనగ! మిగతా పిల్లలకు అది కమ్మటి తీపి. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లాడికి ఆ ముక్కే ప్రాణం మీదికి తెస్తుంది.

తెలుగులో పలుకు అంటే మాట. పప్పుగింజ ముక్కనూ పలుకే అంటాం. తీవ్రమైన అలర్జీ ఉన్న పసివాళ్లను సరిహద్దు ఊళ్లలో పెంచే అమ్మానాన్నలకు రెండు పలుకులతోనూ పనే. నోట్లోకి వెళ్లే పలుకును కాచుకోవాలి. నలుగురి నోట్లో దాని పేరు ఎలా పలుకుతుందో అదీ తెలుసుకోవాలి.

పేరు ఒకటే.. గింజ వేరు

మనలో మనకే ఈ గింజకు బోలెడు పేర్లు. తెలంగాణలో పల్లీలు, రాయలసీమలో చెనిక్కాయలు, బుడ్డలు, కోస్తాలో వేరుశనగ. పొలిమేర దాటితే చిక్కు ఇంకా పెరుగుతుంది. బెంగళూరు వైపు కన్నడంలో కడలెకాయి, కడలెబీజ అంటే వేరుశనగ. కడలెబేళె అంటే మాత్రం శనగపప్పు. హోసూరు, కృష్ణగిరిల్లో వేర్కడలై, నిలక్కడలై అంటే వేరుశనగ. కడలైపరుప్పు అంటే శనగపప్పు, కడలైమావు అంటే శనగపిండి. కానీ కడలై మిఠాయి అంటే వేరుశనగ చిక్కీ, కడలై ఎణ్ణెయ్ అంటే వేరుశనగ నూనె. ముందున్న మాట ఒకటే, వెనకున్న గింజ వేరు!

బరంపురంలో వేరుశనగను చినాబాదాం అంటారు. రోజువారీ మాటల్లో ఉత్త 'బాదాం' అన్నా అదే కావచ్చు. షోలాపూర్‌లో శేంగదాణా చట్నీ ప్రతి భోజనాల బల్ల మీదా కనిపిస్తుంది.

పాల సంగతీ అంతే. కన్నడంలో హాలు, తమిళంలో పాల్ అంటే పోల్చుకోవచ్చు. ఒడియాలో పాలను 'ఖీరొ' అంటారు. ఖీర్ అంటే పాయసమని అలవాటైన చెవికి అది పాలని వెంటనే తట్టదు. గుడ్డు కన్నడంలో మొట్టె, తమిళంలో ముట్టై, ఒడియాలో అండా. నువ్వులు కన్నడ, తమిళాల్లో ఎళ్ళు, ఒడియాలో రాశి, మరాఠీలో తీళ్. యానాంలో భాష మనదే కాబట్టి పేర్ల తంటా లేదు. అక్కడ చూసుకోవాల్సింది కూరల్లో కనబడకుండా కలిసిపోయే ఎండు రొయ్యల పొడిని.

'పడదు' అంటే చాలదు

అసలు తిరకాసు మన మాటలోనే ఉంది. వంకాయ తింటే దురద.. పడదంటాం. పెరుగు తింటే జలుబు.. పడదంటాం. మామిడిపండు వేడి చేసింది.. పడలేదంటాం. అన్నిటికీ ఒకటే మాట. అందుకే 'మా బాబుకి వేరుశనగ పడదండీ' అని తల్లి చెబితే, 'ఒక్క గింజకు ఏమవుతుందమ్మా' అనే జవాబు వస్తుంది. అందులో నిర్లక్ష్యం లేదు. ఆ మాటకు అంత బరువు లేకపోవడమే కారణం.

ఇది అరుగుదలకు సంబంధించిన ఇబ్బంది కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ ఆహారంలోని ప్రోటీన్‌ను శత్రువుగా పొరబడి ఒక్కసారిగా తిరగబడుతుంది. హిస్టమిన్ లాంటి రసాయనాలు విడుదలవుతాయి. దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, గొంతు బిగుస్తుంది, రక్తపోటు పడిపోతుంది. ఈ తీవ్ర స్థితినే వైద్యులు అనఫిలాక్సిస్ అంటారు. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, చేప, రొయ్య, నువ్వులు.. ఎక్కువగా కారణమయ్యేవి ఇవే.

మన వైపు ఇది అరుదు. కర్ణాటకలో స్కూలు పిల్లల మీద జరిగి 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో వెయ్యి మందిలో ఒకరిద్దరికే ఆహార అలర్జీ ఉన్నట్టు తేలింది. అరుదు కాబట్టే చుట్టాలకూ పక్కాలకూ ఇది తెలియదు. తెలియదు కాబట్టే ఆ ఒక్క ఇంటికి కష్టం రెట్టింపు. అందుకే మాట మార్చి చెప్పాలి. 'పడదు' అని ఆపకుండా, 'తింటే ఊపిరాడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి' అనాలి. ఆ మాట విన్నాక ఎవరూ ముక్క పెట్టే సాహసం చేయరు.

ఎలా గుర్తుపట్టాలి?

మాటలు రాని పిల్లలు గొంతు బిగుస్తోందని చెప్పలేరు. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒంటిమీద దద్దుర్లు, కళ్లూ పెదవులూ వాయడం, ఆగకుండా వాంతులు, ఏడుపు బొంగురుపోవడం, దగ్గు, పిల్లికూతలు, పాలిపోయి మెడ వాల్చేయడం.. వీటిని కనిపెట్టాలి. చర్మం మీద దద్దుర్లు ఒక్కటే అయితే కాస్త వ్యవధి ఉంటుంది. దద్దుర్లతో పాటు ఊపిరి ఇబ్బంది గానీ, ఆగని వాంతులు గానీ, మగత గానీ తోడైతే ఆలస్యం చేయకూడదు. కొందరిలో దద్దుర్లు లేకుండానే ఊపిరి పట్టేస్తుంది.

అలాంటప్పుడు కాపాడే మందు ఒకటే.. అడ్రినలిన్. తొడ బయటి వైపు, మధ్య భాగంలో కండలోకి ఇచ్చే ఇంజెక్షన్ ఇది. అలర్జీ సిరప్పు దురదను తగ్గిస్తుంది గానీ, బిగుసుకుపోయే గొంతును తెరవలేదు. సిరప్పు పోసి 'చూద్దాం' అని కూర్చోవడమే చాలాసార్లు కొంప ముంచుతుంది.

పిల్లాణ్ని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టి పట్టుకోవచ్చు. నిలబెట్టడం, నడిపించడం చేయకూడదు. అయిదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో డోసు కావాలి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ విజృంభించే అవకాశం ఉంది.

సూది ఎక్కడుంది?

పెన్నులా ఉండే రెడీమేడ్ అడ్రినలిన్ ఇంజెక్షన్లు విదేశాల్లో మామూలే. మన మందుల షాపుల్లో అంత సులువుగా దొరకవు. అందుకే కొందరు వైద్యులు అడ్రినలిన్ ఆంప్యూలు, చిన్న సిరంజి రాసిచ్చి, ఎలా ఎక్కించాలో అమ్మానాన్నలకు చేతితో చేయించి మరీ నేర్పుతారు. మోతాదు బరువును బట్టి.. కిలోకు 0.01 మిల్లీగ్రాము. మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూలైతే 10 కిలోల పిల్లాడికి 0.1 మిల్లీలీటరు. పిల్లల బరువు నెలనెలా మారుతుంది కాబట్టి ఈ లెక్క డాక్టరే వేసి రాసివ్వాలి, వెళ్లినప్పుడల్లా సరిచూడాలి. ఆంప్యూలును ఎండ, వేడి తగలని చోట ఉంచాలి. గడువు తేదీ చూసుకుంటూ ఉండాలి.

సరిహద్దు పల్లెల్లో పెద్దాసుపత్రి ఏ నలభై కిలోమీటర్లో ఉంటుంది. ముందే తెలుసుకోవాల్సింది దాని అడ్రసు కాదు, దగ్గర్లో అడ్రినలిన్ ఎక్కడ ఉందో అది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు వేసే చోట అత్యవసర కిట్టు ఉంచుతారు. అందులో ఈ మందు ఉంటుంది. ఒకసారి తీరిక చూసుకుని వెళ్లి, రాత్రిపూట ఎవరుంటారో కనుక్కుని రావాలి. 108కి ఫోన్ చేస్తే ముందు రాష్ట్రం, జిల్లా, తాలూకా పేరు చెప్పి ఆ తర్వాత ఊరి పేరు చెప్పాలి. పొలిమేరకు అటూ ఇటూ ఒకే పేరున్న ఊళ్లు ఉంటే ఈ ఒక్క జాగ్రత్తతో విలువైన నిమిషాలు మిగులుతాయి.

మేకపాలు మందు కాదు

ఆవుపాలు పడకపోతే గేదెపాలు, మేకపాలు పట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ పాలూ సరిపడవు. ప్రోటీన్లు దగ్గర పోలికతో ఉండటమే కారణం. బదులు ఏం పట్టాలో పిల్లల డాక్టరే చెప్పాలి. వేరుశనగ అలర్జీ ఉంటే గానుగ నూనెతోనూ జాగ్రత్త. బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది.

ఇక రక్తపరీక్షలు. ఒకేసారి వంద పదార్థాలకు పరీక్ష అని రాయించుకుని, కాగితంలో పాజిటివ్ వచ్చినవన్నీ మానిపిస్తే పిల్లాడు చిక్కి శల్యమవుతాడు. తిన్నా ఏమీ కానప్పుడు కాగితం మీది పాజిటివ్‌కు విలువ తక్కువ. ఏది తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అని తల్లి చెప్పే వివరమే డాక్టరుకు తొలి ఆధారం. చర్మం మీద చేసే గుచ్చు పరీక్ష, రక్తంలో ఐజీఈ పరీక్ష ఆ తర్వాతే. గుడ్డు పడదని ఎంఎంఆర్ టీకా మానిపించేవాళ్లూ ఉన్నారు. గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు ఆ టీకా వేయించవచ్చు.

ప్యాకెట్ సరుకు కొంటే వెనక్కి తిప్పి చూడాలి. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, వేరుశనగ, ఇతర గింజలు, సోయా ఉంటే విడిగా చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లు దినుసుల పట్టికంతా చదవక తప్పదు. పైగా లేబుల్ మీద తప్పనిసరిగా ఉండాల్సింది ఇంగ్లీషు గానీ హిందీ గానీ. మీ అలర్జీ పదార్థం పేరు ఆ రెండు లిపుల్లో ఎలా ఉంటుందో ఇంట్లో పెద్దవాళ్లకూ చూపించి ఉంచాలి. వీధి బేకరీలో లేబులే ఉండదు. అక్కడ అడగడం ఒక్కటే దారి.

జేబులో నాలుగు ముక్కలు

అంగన్‌వాడీలో గుడ్డు, బడిలో చిక్కీ, గుడిలో పల్లీలు వేసిన పులిహోర.. పెట్టేవాళ్లంతా ప్రేమతోనే పెడతారు. సంక్రాంతికి కర్ణాటకలో ఇంటింటా పంచే ఎళ్ళుబెల్లలో నువ్వులు, వేరుశనగలు రెండూ ఉంటాయి. అది తిని మంచి మాటలాడమంటారు కన్నడిగులు. తిళ్‌గుళ్ తీసుకుని తియ్యగా మాట్లాడమంటారు మరాఠీలు. తీసుకుని, చిరునవ్వుతోనే 'పిల్లాడికి మాత్రం వద్దమ్మా' అనడమూ మంచి మాటే.

ఆ మాట వాళ్ల భాషలో ఉండాలి. టీచరుకు, ఆయాకు, బస్సులో పక్క సీటు వాళ్లకు చెప్పడానికి ఇవి పనికొస్తాయి. 'శేంగా', 'వేర్కడలై' ఉన్న చోట మీ పిల్లాడికి పడని దాని పేరు పెట్టుకోవచ్చు.

కన్నడం: ఈ మగువిగె శేంగా, కడలెకాయి ఆగల్ల. తిందరె ఉసిరు కట్టుత్తె.

తమిళం: ఇంద కుళందైక్కు వేర్కడలై ఒత్తుక్కాదు. శాప్పిట్టా మూచ్చు తిణరుం.

ఒడియా: ఏ పిలాకు చినాబాదాం మనా.

మరాఠీ: హ్యా బాళాలా శేంగదాణే చాలత్ నాహీత్.

ఇదే మాటను ఆ రాష్ట్ర లిపిలో ఎవరిచేతనైనా రాయించి, అమ్మానాన్నల ఫోన్ నంబర్లతో పిల్లాడి సంచికి కుట్టేస్తే మరీ మంచిది. డాక్టరు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం అంగన్‌వాడీ బీరువాలో ఉంటుంది. ఆయా చూసేది సంచినే!

అమ్మ ఒక్కతే కాపలా కాదు

ఇలాంటి ఇళ్లలో తల్లి పెళ్లిళ్లు మానుకుంటుంది. పుట్టింటికెళ్లినా వంటింటి గడప దగ్గరే నిలబడుతుంది. 'మా కాలంలో ఇవన్నీ ఎక్కడివే' అని అత్తగారో అమ్మమ్మో అంటే లోపల్లోపల కుమిలిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు తను ఏదో తిన్నందుకే ఇలా అయిందని తన్ను తాను తిట్టుకుంటుంది. అది నిజం కాదు. ఈ భారం పంచుకోవాల్సిందే. సూది వేయడం తండ్రికీ వచ్చి ఉండాలి. డాక్టరు దగ్గరికి ఒకసారి నానమ్మనూ వెంట తీసుకెళ్తే, కోడలు చెబితే నమ్మనిది డాక్టరు చెబితే నమ్ముతుంది. పిల్లాడి వంటకు విడిగా గరిటె, గిన్నె పెట్టే పూచీ ఆమెకే అప్పగిస్తే అంతకు మించిన కాపలాదారు దొరకరు.

ఆశ పెట్టుకోవడానికీ చోటుంది. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతాయి. వేరుశనగ అలర్జీ అయిదుగురిలో ఒకరికి పోతుంది. పోయిందో లేదో తేల్చాల్సింది ఆసుపత్రిలో, డాక్టరు కళ్ల ముందు. ఇంట్లో చిటికెడు పెట్టి చూడటం ప్రాణాలతో చెలగాటం. తర్వాత పుట్టే బిడ్డ విషయంలోనూ భయపడి అన్నీ దూరం పెట్టనక్కర్లేదు. 640 మంది పసివాళ్లపై లండన్‌లో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న పిల్లలకు ఏడాది నిండకముందే వేరుశనగను ఆహారంలో చేరిస్తే ఆ అలర్జీ బాగా తగ్గినట్టు తేలింది. పొరపోకుండా మెత్తగా చేసి, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

రెండేళ్లు నిండేసరికి సరిహద్దు పిల్లలకు రెండు మూడు భాషల్లో మాటలు వచ్చేస్తాయి. ఇంట్లో తెలుగు, వాకిట్లో కన్నడమో తమిళమో. అత్త, తాత, పాలు, బువ్వలతో పాటు వాళ్లకు ఇంకో మాటా నేర్పాలి. ఎవరేం పెట్టినా చెయ్యి చాపకుండా 'అమ్మనడుగుతా' అనడం. అది నోరు తిరగకపోతే ఇంకా చిన్న మాట ఉంది.. వద్దు. బేడ. వేండాం. నకో.