రూహ్ అఫ్జా సీసా నేర్పే పాఠం: పేరు, రంగు, లేబుల్ ఎందుకు మారకూడదు?

రంజాన్ వచ్చిందంటే కిరాణా షాపులో ఎర్రటి సీసాలు వరుసగా కనిపిస్తాయి. చదవడం రాని పిల్లోడిని పంపినా సరైన సీసానే పట్టుకొస్తాడు. ఆ ఎరుపు, లేబుల్ మీద పూలు పండ్లు, ఆ పేరు రాసిన తీరు చూసి గుర్తుపడతాడు. ఒక కంపెనీ తన గుర్తింపును ఏళ్ల తరబడి ఒకేలా ఉంచుకుంటే జరిగేది ఇదే. దీన్నే బ్రాండ్ ఐడెంటిటీ అంటారు. ఇది పెద్ద కంపెనీలకే కాదు, బేకరీ, బిర్యానీ హోటల్, అత్తరు షాపు నడిపే కుటుంబాలకూ అవసరమే.

వందేళ్లు దాటిన గుర్తింపు

హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1906లో ఢిల్లీలో హమ్‌దర్ద్ దవాఖానా పెట్టారు. మరుసటి ఏడాది రూహ్ అఫ్జా వచ్చింది. దేశ విభజన తర్వాత పెద్ద కొడుకు హకీమ్ అబ్దుల్ హమీద్ ఢిల్లీలోనే ఉండిపోయారు. చిన్న కొడుకు హకీమ్ మహమ్మద్ సయీద్ కరాచీ వెళ్లి అక్కడ హమ్‌దర్ద్ మొదలుపెట్టారు. ఢిల్లీ హమ్‌దర్ద్ 1948లో వక్ఫ్ అయింది. అలా ఒకే షర్బత్ వేర్వేరు దేశాల్లో వేర్వేరు సంస్థల చేతిలో తయారవుతూ వచ్చింది.

ఇన్నేళ్లలో ఏమీ మారలేదా అంటే, మారాయి. గాజు సీసా పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది. నేరుగా తాగే చిన్న ప్యాకెట్లూ వచ్చాయి. కానీ పేరు, ఎరుపు రంగు, లేబుల్ పోలిక అలాగే ఉన్నాయి. కొత్త సరుకు వచ్చినా కొనేవాళ్లకు పాత నమ్మకం తగ్గలేదు.

కోర్టులో అదే పనికొచ్చింది

సదర్ లేబొరేటరీస్ అనే కంపెనీ 'దిల్ అఫ్జా' పేరుతో షర్బత్ అమ్మడంతో హమ్‌దర్ద్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తమకు ఆ పేరుతో 1949 నుంచే మందు ఉందని అవతలి పక్షం వాదించింది. మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి సింగిల్ జడ్జి మొదట ఒప్పుకోలేదు. 2022 డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ ఆ తీర్పును మార్చి, కేసు తేలేదాకా ఆ పేరుతో షర్బత్ అమ్మకుండా ఆపింది. రూహ్ అఫ్జా వందేళ్లకు పైగా వాడుకలో ఉందని, 'రూహ్', 'దిల్' మాటలు జనం నోట జంటగా వినిపించేవేనని, షర్బత్ రంగు, సీసా తీరు కూడా దగ్గరగా ఉన్నాయని బెంచ్ చూసింది. 2023లో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు.

అదే 2022లో ఇంకో కేసు వచ్చింది. అమెజాన్‌లో రూహ్ అఫ్జా అని కొంటే పాకిస్తాన్‌లో తయారైన సరుకు వస్తోందని హమ్‌దర్ద్ ఫిర్యాదు చేసింది. వాటిని తీసేయాలని ఢిల్లీ హైకోర్టు అమెజాన్‌ను ఆదేశించింది. ఒకే తండ్రి పెట్టిన వ్యాపారమైనా, ఇండియాలో ఆ పేరు మీద హక్కు ఎవరిదన్నదే కోర్టు చూసింది.

మన షాపుల్లో ఎక్కడ తేడా వస్తోంది?

మన దగ్గర సమస్య బోర్డు నుంచే మొదలవుతుంది. ఒకే పేరును ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లిష్‌లో రాస్తాం. తెలుగులో ఒక బ్రాంచ్ మీద 'రహ్మానియా', ఇంకో దాని మీద 'రహమానియా' ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ పెయింటర్ ఎలా రాస్తే అలా. జొమాటోలో ఒక పేరు, ఫుడ్ లైసెన్స్‌లో ఇంకో పేరు, క్యూఆర్ స్కాన్ చేస్తే తమ్ముడి పేరు. కస్టమర్‌కు 'ఇది ఆ షాపేనా?' అన్న అనుమానం వస్తుంది. రేపు ఎవరైనా కాపీ కొడితే, ఏ పేరు మీదని చూపించాలి?

చేయాల్సినవి ఇవీ:

• మూడు లిపుల్లోనూ పేరు ఎలా రాయాలో ఒక కాగితం మీద ఖాయం చేసుకోవాలి. రంగు, లోగో కూడా అందులోనే ఉండాలి. పెయింటర్‌కైనా, ప్రింటింగ్ ప్రెస్‌కైనా అదే ఇవ్వాలి.

• బిల్లు, డబ్బా, క్యారీ బ్యాగ్, వాట్సాప్ ఫొటో, ఆన్‌లైన్ యాప్‌లలో అదే వాడాలి.

• ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించాలి. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఫీజు ఒక్కో క్లాస్‌కు రూ.4,500. బేకరీ సరుకు 30వ క్లాస్‌లో, షర్బత్ 32లో, హోటల్ 43లో వస్తాయి. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి.

• పాత బిల్లులు, ప్రకటనలు, బోర్డు ఫొటోలు పారేయకూడదు. రిజిస్టర్ కాని పేరుకు కూడా చట్టంలో కొంత రక్షణ ఉంది. కానీ ఎప్పటి నుంచి వాడుతున్నారో రుజువు చూపాలి.

• అన్నదమ్ములు కలిసి నడిపే వ్యాపారమైతే, విడిపోయినప్పుడు పేరు ఎవరికి చెందుతుందో పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ముందే రాసుకోవాలి.

చాలా ఇళ్లలో ఆస్తి పంపకాలంటే షాపు, మడిగ, బండి లెక్కలోకి వస్తాయి గానీ పేరు రాదు. తర్వాత రెండు బోర్డుల మీద 'అసలైనది మాదే' అని వెలుస్తుంది. అబ్బాజాన్ ముప్పై ఏళ్లు కష్టపడి సంపాదించిన గిరాకీ రెండుగా చీలిపోతుంది. ఆ గిరాకీ వచ్చింది పేరు చూసే కాబట్టి, పంపకాల కాగితంలో అన్నిటికన్నా ముందు రాయాల్సింది కూడా పేరే.