తిరగబెట్టే పక్షవాతం: మెడ ధమనులలోని అరుదైన కారణాలు

‘పక్షవాతం’ అన్న పదం దేహంలో ఒక పక్షం చచ్చుబడటాన్ని చెబుతుంది, కారణాన్ని వాతానికి ఆపాదిస్తుంది. మెదడుకు రక్తం మోసే మెడ ధమనుల ఊసు అందులో లేదు. రక్తపోటు, మధుమేహం, ధూమపానం వంటివి లేని చిన్న వయసువారికి పక్షవాతం మళ్ళీ వస్తే మెడను తప్పక పరిశీలించాలి.

కొందరిలో కెరోటిడ్ ధమని లోపలి గోడనుండి పలుచని పొర అరలాగా పొడుచుకు వస్తుంది. దాని వెనుక రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరుతుంది. మాత్రలు వాడినా ఆ అర పోదు. కనుకనే ముప్పు తిరగబెడుతుంది. 1937లో వాట్ ఈగిల్ వర్ణించిన స్థితిలో చెవి కిందుండే సూది వంటి ఎముక పొడవు పెరుగుతుంది; అది ఒక్కొక్కప్పుడు ఇదే ధమనిని ఒత్తుతుంది.

వెర్టెబ్రల్ ధమనులు మెడ వెన్నుపూసల రంధ్రాలగుండా సాగుతాయి. మెడను మితిమీరి వంచినా తిప్పినా అవి నలుగుతాయి, లోపొర చీలవచ్చు. 2022లో హైదరాబాదులో 50 ఏళ్ళ మహిళకు బ్యూటీపార్లర్‌లో తల కడిగించుకుంటుండగా ఇటువంటి స్ట్రోక్ లక్షణాలే మొదలయ్యాయి. క్షవరం తరువాత మెడ పటుక్కుమనిపించడమూ నిరపాయం కాదు.

జహీరాబాదునుండి సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదుకు రోగిని తరలించినప్పుడు ‘పక్షవాతం’ అని మాత్రమే చెబితే చాలదు. మెడ నొప్పి ఎప్పుడు మొదలైంది, తల ఎటు తిప్పితే కళ్ళు తిరుగుతున్నాయి అన్నవి చెబితే వైద్యుని దృష్టి మెడ ధమనులవైపు మళ్ళుతుంది.