ఫేడర్‌కి ముందా, తరవాతా?

శ్రీరామనవమి పందిట్లో కచేరీకి వెళ్తే నీ కళ్ళు వేదిక మీద, నా కళ్ళు జనం వెనకాల బల్ల వేసుకుని కూర్చున్న మైకుసెట్టు కుర్రాడి మీద. అతని ముందున్న మిక్సర్ చూసి "ఇన్ని బొత్తాలు ఎలా గుర్తుంటాయి తాతయ్యా?" అన్నావు కదూ. గుర్తుపెట్టుకోవలసింది అంతేం లేదమ్మడూ. పైనుంచి కిందికి ఒక్క వరస తెలిస్తే చాలు, పక్కవన్నీ దాని నకళ్ళే. ఒక్కో మైకుకి ఒక్కో వరస. దాన్నే చానల్ అంటారు.

గాయకుడి చానల్ తీసుకో. మైకులోంచి వచ్చేది మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. దాంతో ఏ పనీ జరగదు. అందుకే అన్నిటికన్నా పైన గేన్ నాబ్ ఉంటుంది. దాన్ని 60 డెసిబెళ్ళ దాకా తిప్పామంటే వోల్టేజి వెయ్యి రెట్లవుతుంది. దాని కింద బేస్, ట్రెబుల్ సరిచేసేవి, ఆ కింద ఆక్స్ అనే నాబ్‌లు, శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే పాన్, మ్యూట్, అట్టడుగున పైకీ కిందికీ జారే ఫేడర్. ఈ జారుడు ఫేడర్లని స్టూడియోల్లో వాడుకలోకి తెచ్చినవాళ్ళలో టామ్ డౌడ్ ఒకడు. న్యూయార్కులో అట్లాంటిక్ రికార్డ్స్ ఇంజనీరు. కుర్రతనంలో అణుబాంబు తయారుచేసిన మన్‌హటన్ ప్రాజెక్టులో పనిచేశాడు. బాంబులొదిలి పాటల్లోకి రావడం మంచిదే అయింది. గుండ్రటి నాబ్‌లయితే రెండు చేతులకీ రెండే తిరుగుతాయి, ఫేడర్లయితే వేలికొకటి చొప్పున నడపొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మన కాలవకి అడ్డంగా షట్టరుంది చూశావా? దానికి ఎగువన గట్టుకి తూము పెట్టుకున్న రైతుకి, షట్టరు దించేసినా నీళ్ళు అందుతూనే ఉంటాయి. దిగువన తూమున్నవాడికి షట్టరు దించితే చుక్క రాదు. ఫేడర్ ఆ షట్టరే. మిక్సర్‌లో ఏ బొత్తం దగ్గర తికమకపడ్డా ఒక్క ప్రశ్న వేసుకో: ఇది శబ్దాన్ని ఫేడర్‌కి ముందు తీసుకుంటోందా, తరవాతా?

ఒక్కచోట మాత్రం పోలిక చెల్లదు. కాలవలో ఎగువవాడు తోడుకుంటే దిగువవాడికి తగ్గుతుంది, తగవులన్నీ అక్కడే. మిక్సర్‌లో ఎన్ని దారులకి పంచినా అసలుది తగ్గదు. శబ్దాన్ని పంపే సర్క్యూట్‌కి చాలా కరెంటు ఇవ్వగల సత్తా ఉంటుంది, అందుకునే దారేమో వేల ఓముల నిరోధంతో ఉండి అందులో అణుమాత్రమే తీసుకుంటుంది. వోల్టేజి చెక్కుచెదరదు.

వేదిక మీద గాయకుడి ముందు ఓ చిన్న స్పీకర్ పెడతారు, మానిటర్. తన గొంతు తనకి వినపడాలి కదా, లేకపోతే శ్రుతి తప్పుతుంది. దానికి శబ్దం ఆక్స్ నాబ్ నుంచి వెళ్తుంది, ఫేడర్‌కి ముందు నుంచి. జనం కోసం కుర్రాడు ఫేడర్ పెంచాడనుకో, దాంతోపాటు మానిటరూ పెరిగితే ఏమవుతుంది? మానిటర్ శబ్దం మళ్ళీ మైకులోకి, మైకు నుంచి మానిటర్‌కి, చుట్టు తిరిగి తిరిగి 'కుయ్‌య్' మని కూత! డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ప్రభావం అంటారు. మన పందిళ్ళలో అందరూ ఒకేసారి చెవులు మూసుకునే ప్రభావం.

ఎకో సంగతి మానిటర్‌కి తలకిందులు. దాన్ని ఫేడర్ తరవాతే తీసుకోవాలి. ముందు తీసుకుంటే గాయకుడి ఫేడర్ పూర్తిగా దించేసినా ఎకో మాత్రం స్పీకర్ పెట్టెల్లోంచి వస్తూనే ఉంటుంది. మనిషి లేకుండా వాడి ప్రతిధ్వని ఒక్కటీ పందిరంతా తిరుగుతుంది.

ఇక ఫేడర్ దాటాక శబ్దం ఎక్కడికి పోవాలి? ఫేడర్ పక్కనే మూడు బుల్లి బొత్తాలుంటాయి: 1-2, 3-4, ఎల్-ఆర్. మిక్సర్ లోపల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, అన్ని చానళ్ళ కిందుగా రాగి దారులు నడుస్తుంటాయి. వాటిని బస్సులంటారు. బొత్తం నొక్కితే ఆ చానల్ ఒక రెసిస్టర్ గుండా ఆ బస్సుకి కలుస్తుంది. బస్సు చివర ఉన్న ఆంప్లిఫైయర్ ఆ తీగ వోల్టేజిని ఎప్పుడూ సున్నా దగ్గరే పట్టి ఉంచుతుంది. అందువల్ల మృదంగం చానల్ ఆన్ చేశామని వయొలిన్ చానల్ కదలదు. ఎవరి వాటా వాళ్ళది, చివర్లో కూడిక మాత్రం కచ్చితం. ఎల్-ఆర్ నేరుగా పెద్ద పెట్టెలకి పోయే దారి. మిగతావి గ్రూపులు. 1-2 నొక్కి పాన్ పూర్తిగా ఎడమకి తిప్పితే ఒకటో గ్రూపు, కుడికి తిప్పితే రెండోది. బేసి ఎడమ, సరి కుడి.

గ్రూపులెందుకంటావా? మృదంగం కుడిముఖానికో మైకు, ఎడమముఖానికో మైకు, ఘటానికొకటి, కంజీరకొకటి. తని ఆవర్తనం రాగానే నాలుగు ఫేడర్లు ఒకే కొలతన పెంచడం ఎవరివల్ల అవుతుంది? నాలుగింటినీ ఒక గ్రూపుకి పంపి, ఆ గ్రూపుని ఎల్-ఆర్‌కి పంపితే ఒక్క వేలితో పని అయిపోతుంది. ఇక్కడే కొత్తవాళ్ళు పడే గొయ్యి ఉంది. ఘటం చానల్‌లో గ్రూపు బొత్తంతోపాటు ఎల్-ఆర్ కూడా నొక్కి ఉందనుకో. ఘటం రెండు దారుల్లో వెళ్ళి ఒకేచోట కలుస్తుంది. రెండు దారుల్లోనూ మట్టం ఒకటే అయితే వోల్టేజి రెట్టింపు, అంటే 6 డెసిబెళ్ళు ఎక్కువ. పైగా గ్రూపు ఫేడర్ మొత్తం దించినా ఘటం ఆగదు! కుర్రాడు పాపం మిక్సర్ చెడిపోయిందనుకుంటాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని అతను ఏం వింటాడో చెప్పనా? ప్రతి చానల్‌కీ పి.ఎఫ్.ఎల్. అనో సోలో అనో ఓ బొత్తం ఉంటుంది. పి.ఎఫ్.ఎల్. అంటే ఎగువ తూమే. ఫేడర్ దించి ఉన్నా, చాలా మిక్సర్లలో మ్యూట్ చేసి ఉన్నా, ఆ ఒక్క చానలే హెడ్‌ఫోన్‌లో వినపడుతుంది. పందిట్లో ఎవరికీ ఏ తేడా తెలియదు. చాలా మిక్సర్లలో మీటరు కూడా అప్పుడు ఆ ఒక్క చానల్ మట్టమే చూపిస్తుంది. గేన్ సరిచూసుకునేది అప్పుడే, కచేరీకి ముందే. గేన్ అతిగా పెట్టావనుకో, ఫేడర్‌ని అడుగుకి దించి వాడాల్సి వస్తుంది. ఫేడర్ పక్కన గీతలు చూడు: 0 అని రాసినచోట గీతలు ఎడంగా ఉంటాయి, అడుగున ఇరుకుగా కిక్కిరిసి ఉంటాయి. 0 దగ్గర గోరంత జరిపితే గోరంత మార్పు. అడుగున అదే గోరంత జరిపితే గొంతు మాయం.

ఎ.ఎఫ్.ఎల్. అనేది దిగువ తూము, ఫేడర్ తరవాతది. గాయకుడు వేదిక మీంచి చెయ్యెత్తి "నాకు సరిగ్గా వినపడ్డం లేదు" అని సైగ చేస్తే కుర్రాడు ఆ మానిటర్ ఆక్స్ మాస్టర్ దగ్గర దీన్ని నొక్కి, మానిటర్‌కి పోయే మిశ్రమాన్నే తనూ వింటాడు. ఊహించుకోనక్కర్లేదు.

ఇందులో ఇంకో చిత్రం. పెట్టెలకి 34 మీటర్ల దూరాన కూర్చుంటే ఆ శబ్దం అతన్ని చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. హెడ్‌ఫోన్‌లోదేమో తీగ వెంట క్షణంలో వచ్చేస్తుంది. ఒకే దెబ్బ రెండుసార్లు! అందుకే డిజిటల్ కన్సోళ్ళలో చాలావాటికి హెడ్‌ఫోన్ శబ్దాన్ని కావాలని ఆలస్యం చేసే వీలుంటుంది.

సోలోలో మూడో రకం ఉంది, అది మాత్రం ప్రమాదం. సోలో-ఇన్-ప్లేస్ అంటారు. ఒక చానల్‌ని వినిపించడానికి మిగతా చానళ్ళన్నిటినీ మ్యూట్ చేసేస్తుంది, హెడ్‌ఫోన్‌లోనే కాదు, పెద్ద పెట్టెల్లో కూడా. స్టూడియోలో పాట కలుపుకునేటప్పుడు, ఎకోతో సహా ఆ వాద్యం తన చోట ఎలా ఉందో వినడానికి చక్కగా పనికొస్తుంది. కచేరీ నడుస్తుండగా ఘటం మీద నొక్కావా, కల్పనస్వరం మధ్యలో గాయకుడు గప్‌చుప్, పందిట్లో ఘటం ఒక్కటే. అందుకే ఈ సౌకర్యమున్న కన్సోళ్ళలో కొన్నిటికి ఆ బొత్తం మీద మూత పెడతారు, కొన్ని "నిజంగానేనా?" అని తెర మీద మళ్ళీ అడుగుతాయి. మన పందిళ్ళకొచ్చే చిన్న మిక్సర్లలో చాలావాటికి అది ఉండనే ఉండదు. నన్నడిగితే ఆ లేకపోవడమే మేలు.