మనసు జబ్బు - మెదడు వేసే లెక్కలు



మతి చలించిన మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చిన బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, తలకు స్కానింగ్ తీస్తే జబ్బు కనబడుతదా?" తలలో గడ్డ ఉన్నా, రక్తం గడ్డకట్టినా, దెబ్బ తగిలినా స్కానింగులో కనబడుతుంది. కానీ స్కిజోఫ్రీనియా, డిప్రెషన్ వంటి జబ్బులను స్కానింగ్ చూసి నిర్ధారించలేరు. అయితే జబ్బు లేనట్టేనా? కాదు.

సిరిసిల్లలో సాంచాలు నడిపేవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. సాంచాలో ఇనుప ముక్క విరిగితే కంటికి కనబడుతుంది. జకార్డ్ అట్టలో ఒక్క రంధ్రం తప్పుచోట పడితే మాత్రం సాంచా బాగానే తిరుగుతుంది, దారం తెగదు, అంచు మీద పువ్వు ఒక్కటే తప్పుగా వస్తుంది. ఆగిన సాంచాను ఎంతసేపు చూసినా ఆ తప్పు దొరకదు. (తొలినాటి కంప్యూటర్లకు లెక్కలు అందించిన రంధ్రాల అట్టలు కూడా ఈ జకార్డ్ అట్టల నుండి వచ్చినవే.) మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఎల్లప్పుడూ ఏవో లెక్కలు వేస్తూనే ఉంటాయి. ఆ లెక్కలను కంప్యూటర్ నమూనాలతో అర్థం చేసుకునే శాస్త్రాన్ని కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ అంటారు.

ఆ లెక్క ఎలాంటిదో చూద్దాం. కోరుట్లలో బీడీలు చుట్టుకునే ఒక తల్లి ఉందనుకోండి. కొడుకు దుబాయి వెళ్లాడు. మొదటిసారి అనుకోకుండా డబ్బు పంపాడు. ఎంత సంతోషం! ఆ తర్వాత ప్రతి నెల అయిదో తేదీకి వస్తుంటే అంత సంతోషం ఉండదు, అది మామూలే అవుతుంది. ఒక నెల అయిదో తేదీన రాకపోతే మాత్రం గుండె జారిపోతుంది. అంటే మనసు స్పందించేది వచ్చిన సొమ్ముకు కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాకు. కోతులకు పండ్లరసం ఇచ్చి వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో, మెదడులోని డోపమైన్ కణాలు అచ్చం ఇలాగే పనిచేశాయి. అనుకోని రసానికి అవి ఎగిసిపడ్డాయి. అనుకున్న రసానికి ఊరుకున్నాయి. వస్తుందనుకున్నది రాకపోతే తగ్గిపోయాయి. యంత్రాలకు నేర్పడానికి రాసుకున్న ఒక లెక్కకు ఇది సరిపోతుందని 1997లో ఆయన, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ కలిసి ప్రకటించారు.

ఇప్పుడు జబ్బు సంగతికి వద్దాం. డోపమైన్ వేళకాని వేళ ఊరికే ఎగిసిపడితే ఏమవుతుంది? ఏమీ లేనిచోట కూడా "ఇది ముఖ్యం, ఇది నీ కోసమే" అని మెదడు చెబుతుంది. పక్కింటివారి దగ్గు, బస్సు హారను, సాంచా చప్పుడు అన్నీ తనను ఉద్దేశించినవే అనిపిస్తాయి. ఇంత వింతకు ఏదో కారణం ఉండాలి కదా! మనిషి కారణం వెతుక్కుంటాడు. మన ప్రాంతంలో అయితే అది బాణామతి, చేతబడి. పట్నంలో అయితే టీవీలో తన గురించే చెబుతున్నారని అంటాడు. షితిజ్ కపూర్ అనే మానసిక వైద్యుడు 2003లో దీన్ని ఇలా వివరించారు. ఇదొక్కటే కారణమని ఎవరూ అనరు గానీ, వార్డులో మేము చూసేదానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

ఇంటివారు జాగ్రత్తగా చదవవలసిన మాట ఇక్కడే ఉంది. డాక్టరు ఇచ్చే మాత్రలు డోపమైన్ జోరును తగ్గిస్తాయి. కొద్దిరోజుల్లో ఆందోళన తగ్గి నిద్ర పడుతుంది. కానీ అప్పటికే మనసులో పాతుకుపోయిన అనుమానం మాత్రతో పాటు కరిగిపోదు. కొత్త అనుమానాలు పుట్టడం తగ్గాక, పాతవాటిని మెదడు మెల్లగా మరచిపోవాలి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. "పది రోజులు మింగినా ఇంకా అదే మాట అంటున్నాడు, మందు పనిచేయలేదు" అని ఆపేసేవారు కొందరు. "బాగయ్యాడు కదా, ఇంకెందుకు" అని ఆపేసేవారు ఇంకొందరు. రెండూ ప్రమాదమే. ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుంది. చేయి వణికినా, ఒళ్లు బిగిసినా డాక్టరుకు చెప్పండి, మోతాదు మారుస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

డిప్రెషన్‌లో కొందరికి మంచి జరిగినా మెదడు దాన్ని జమ కట్టదు, చెడును మాత్రం రాసిపెట్టుకుంటుంది. అయినా ఒక మాట చెప్పాలి. 2000ల నాటి సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యలు మనకు తెలుసు. వాటి వెనుక అప్పులున్నాయి, పని లేకపోవడం ఉంది. వాటిని మెదడు లెక్క అని మాత్రమే చెప్పి చేతులు దులుపుకోవడం అన్యాయం.

ఈ శాస్త్రం మనకు దూరమైనదేమీ కాదు. తెలుగులో సైన్సు పుస్తకాలు రాసే ఆచార్య వి. శ్రీనివాస చక్రవర్తి గారు మద్రాసు ఐఐటీలో, డోపమైన్ తగ్గడం వల్ల వచ్చే పార్కిన్సన్ వ్యాధిపై ఇలాంటి నమూనాలు తయారుచేశారు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోనూ మెదడు లెక్కలపై పరిశోధన జరుగుతోంది. అయితే ఏ రోగికి ఏ మందు పడుతుందో ముందే చెప్పే కంప్యూటర్ ఇంకా మన ఆసుపత్రుల్లో లేదు. ఎవరైనా ఉందని చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రస్తుతానికి డాక్టరుకు కావలసిన లెక్క మీ దగ్గరే ఉంది. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోగి ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ పూట మాత్ర తప్పింది, ఏ రోజు అనుమానం పెరిగింది, ఏ రోజు నలుగురితో కలిసి అన్నం తిన్నాడు, తేదీ వేసి రాయండి. జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఏ రోజుల్లో చూస్తారో ముందుగా అడిగి తెలుసుకొని, ఆ బుక్కు తీసుకొని వెళ్లండి. రాత్రివేళ భయం కలిగినా, చనిపోతానన్న మాట ఇంట్లో వినబడినా 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆ మనిషిని మాత్రం ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే ముందు దాన్ని బయటికి తీసేయండి.