వీసము, కాలు: నాలుగింటితో నడిచిన లెక్క

“వీసమెత్తు సందేహము లేదు” అని పెద్దలు అనడము మీరు వినే ఉంటారు. వీసము అనగా ఒకటిలో పదహారవ వంతు. అది మన పూర్వులు భిన్నములను లెక్కించిన పద్ధతిలోని మాట.

పూర్ణసంఖ్యలను తెలుగువారు పదింటి లెక్కలోనే వ్రాశారు. ఒకటికంటె చిన్న భాగములను మాత్రము నాలుగింటి లెక్కలో వ్రాశారు. ఒకటిని నాలుగు సమభాగములు చేస్తే ఒక్కొక్కటి కాలు. సగము అర; మూడు భాగములు ముక్కాలు. కాలును మరల నాలుగు చేస్తే వీసము. రెండు వీసములు ఒక పరక.

కాలు స్థానములో నిలువు గీతలు, వీసము స్థానములో అడ్డగీతలు గీసేవారు. మూడు గీతలకు మించి అవసరము లేదు. ఏలననగా నాలుగు వీసములు చేరగానే ఒక కాలు అవుతుంది. కాలు స్థానము ఖాళీ అయితే ‘హళ్లి’ అనే ప్రత్యేకమైన గుర్తు, వీసము స్థానము ఖాళీ అయితే సున్న వ్రాసేవారు. “హళ్లికి హళ్లి, సున్నకు సున్న” అనే నానుడిలో ఈ రెండు పేర్లూ నేటికీ వినిపిస్తాయి.

ఇక మన ఇంటిలోని గ్యాలను పాలడబ్బాను చూడండి. అమెరికా కొలతలో గ్యాలనుకు నాలుగు క్వార్టులు, క్వార్టుకు నాలుగు కప్పులు. అనగా గ్యాలనులో క్వార్టు కాలు, కప్పు వీసము! డబ్బాలో 13 కప్పుల పాలు ఉన్నవనుకొందాము. 13ను 4తో భాగిస్తే 3 వచ్చి, 1 మిగులుతుంది. కనుక మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత: ౻౼. అది ముక్కాలు మీద వీసము. నాలుగింటి లెక్కలో 13 రూపము 31. దానిని “మూడు, ఒకటి” అని చదవాలి. ముప్పది ఒకటి అనరాదు.

ఈ రూపములో ఒక చక్కని గుణము ఉన్నది. 3, 1 కలిపితే 4. నాలుగులో మూడు పోగా ఒకటి మిగులుతుంది. 13ను 3తో భాగించినా శేషము ఒకటే! కారణము సులభము: ప్రతి కాలులోను నాలుగు వీసములు ఉన్నవి, వాటిని ముగ్గురికి పంచితే తలా ఒకటి పోయి ఒకటి మిగులుతుంది. అందుచేత అంకెలను కలిపి చూస్తే చాలు. పదింటి లెక్కలో తొమ్మిదికి ఉన్న గుణమే నాలుగింటి లెక్కలో మూడుకు ఉన్నది. అలాగే 11, 22, 33 అనే జంట అంకెల రూపములు 5, 10, 15 అవుతాయి. అన్నీ అయిదు గుణిజములే.

భారతదేశములో 1957 ఏప్రిల్ 1 వరకు రూపాయికి పదహారు అణాలు. అణా రూపాయిలో వీసము, బేడ పరక, పావలా కాలు. నయాపైసలు వచ్చిన తరువాత ఈ లెక్కతో నిత్యము పని లేకపోయినది. గీతలు మరుగున పడినవి. మాట మాత్రము నిలిచినది. అయితే 2008లో ఈ గీతలకు యూనికోడ్‌లో చోటు లభించినది. కనుక నేడు వాటిని కంప్యూటరులో సైతము వ్రాయవచ్చును.

బాలలారా, ఇప్పుడు మీ వంతు. 11 కప్పుల పాలను గీతలతో వ్రాయండి. భాగహారము చేయకుండానే, ముగ్గురికి సమముగా పంచితే ఎన్ని కప్పులు మిగులునో చెప్పండి.